సజ్జాలో చెక్కిన నిట్టూర్పుల వంతెన

2020 వేసవిలో నా భార్య హాస్పిటల్ వాళ్లిచ్చిన గదిలో ఉండేది. నేను షార్జాలో మా ఫ్లాట్‌లో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. ఆమె నర్సు. కోవిడ్ వార్డులో డ్యూటీ పడ్డవాళ్లు ఇళ్లకు వెళ్లకూడదన్నారు. వీడియో కాల్‌లో ఆమె బుగ్గల మీద మాస్కు ఒత్తుకుపోయిన గీతలు కనిపించేవి. వేరే ఏమీ అడగలేక, తిన్నావా అని అడిగేవాణ్ణి. ఆ కాల్ అయ్యాక ఆ ఫ్లాట్‌లో నాకు మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు.

నేను షార్జా శివార్లలోని సజ్జా పారిశ్రామికవాడలో, ఒక రాతి ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆర్కిటెక్టు కట్టడం మొత్తాన్ని ఒక బొమ్మగా ఇస్తాడు. దాన్ని ముక్కలుగా విడదీసి, ఏ రాయి ఎంత పొడవు, ఎంత మందం, దాన్ని గోడకు పట్టుకునే ఉక్కు కొక్కెం ఎక్కడ రావాలి అని గీసి కోతకు పంపడం నా పని. ఫ్యాక్టరీ మూసేసినా మా పని ఇళ్ల నుంచి నడిచింది. ఆ రోజుల్లోనే రాస్ అల్ ఖైమాలో కడుతున్న ఒక హోటల్ పని వచ్చింది. సముద్రం ఒడ్డున రెండు భవనాలు, మధ్యలో తవ్వించిన కాలువ, ఆ కాలువ మీద రెండో అంతస్తు ఎత్తున పైకప్పూ గోడలూ ఉన్న ఒక రాతి వంతెన. వెనిస్‌లో నిట్టూర్పుల వంతెన అని ఒకటుంది కదా, అలాంటిది కావాలన్నారు. కన్సల్టెంటు పంపిన కాగితాల్లో కొలతలకంటే ఫోటోలే ఎక్కువ.

నేను వెనిస్ చూడలేదు. ఆ వేసవంతా మాత్రం ఆ వంతెనలోనే కాపురం ఉన్నట్టు గడిపాను. నాలుగు వందల ఏళ్ల కిందటిది. ఒకవైపు పాలకుడి కోట, అందులో విచారణ గదులు. రెండో వైపు జైలు. శిక్ష పడ్డవాణ్ణి వీధిలో నడిపించకుండా, కాలువ మీదుగా నేరుగా జైల్లోకి తీసుకుపోవడానికి కట్టారు. బయట నుంచి చూస్తే నగల పెట్టెలా ఉంటుంది. తెల్లటి సున్నపురాయి, కింద కమాను, ఆ కమాను అంచున వరసగా మనుషుల ముఖాలు, పైన వంపు తిరిగిన కప్పు, నడుమ కట్టించినవాడి వంశ చిహ్నం. లోపల మాత్రం ఇరుకైన నడవ. అదైనా ఒకటి కాదు. మధ్యలో నిలువునా గోడ కట్టి రెండు నడవలు చేశారు. వెళ్లేవాడికి వచ్చేవాడు ఎదురుపడకూడదని. కిటికీలకు ఊచలు లేవు. మందపాటి రాతి పలకనే గుండ్రటి రంధ్రాలతో జల్లెడలా తొలిచి నిలబెట్టారు.

ఆ జల్లెడ దగ్గరే నాకు చాలా రోజులు పట్టింది. రంధ్రం ఎంత వెడల్పు అన్నది ఫోటోలో తెలుస్తుంది. పలక ఎంత మందం అన్నది తెలియదు. మందం పెరిగేకొద్దీ లోపలి మనిషికి చూపు తగ్గిపోతుంది. ఎదురుగా నిలబడితే కాస్త నీళ్లూ కాస్త ఆకాశమూ కనిపిస్తాయి, ఒక అడుగు పక్కకు జరిగితే రాయి తప్ప ఏమీ ఉండదు. నీడలు ఎక్కడ పడ్డాయో చూసి, మందం లెక్కగట్టి గీశాను. ఆ నడవలో నడిచినవాళ్లు కిటికీ దగ్గర ఎంతసేపు ఆగనిచ్చేవాళ్లో అని ఆలోచన వచ్చేది. నేనున్న గదికి కిటికీ పెద్దదే. కింద రోడ్డు మీద పోలీసు బండి తప్ప మనుషులు ఉండేవాళ్లు కాదు.

అసలు వంతెనలో కమాను రాళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని బరువు మోస్తాయి. మా వంతెనలో బరువంతా లోపల దాగిన ఉక్కు దూలాలది. కమాను రాళ్లు కింద నుంచి నిలబెట్టినట్టు కనిపిస్తాయి గానీ, నిజానికి పై నుంచి కొక్కేలకు వేలాడుతుంటాయి. ఇక్కడి ఎండకు ఉక్కు సాగుతుంది కాబట్టి రాయికీ రాయికీ మధ్య సన్నటి సందు వదలాలి. ఆ సందు కనిపించకుండా నగిషీ గీతలో కలిపేయాలి. పలకలన్నీ మిషను కోస్తుంది. కిటికీ జల్లెడలూ కమాను ముఖాలూ మాత్రం చేత్తోనే చెక్కాలి.

ఫ్యాక్టరీ తెరిచాక ఆ పని ఆళ్లగడ్డ శిల్పి ఒకాయనకు అప్పగించారు. అప్పటికి నలభై ఐదేళ్లు దాటి ఉంటాయి. ఊళ్లో దేవుడి విగ్రహాలు చెక్కే ఇంట్లో పుట్టి, చాలా ఏళ్ల కిందట దుబాయ్ వచ్చాడు. మొదట్లో నన్ను సార్ అనేవాడు. అక్కడ తెలుగువాళ్లం మేమిద్దరమే. మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర తినడం మొదలయ్యాక తమ్ముడూ అన్నాడు. నేను అన్నా అన్నాను. లాక్‌డౌన్ అంతా సజ్జా లేబర్ క్యాంపులోనే, ఒక గదిలో పది మందితో గడిపానని చెప్పాడు. గేటు బయట కాపలా, లోపలికి భోజనం పొట్లాలు. బయటికొచ్చేసరికి బాగా చిక్కిపోయి ఉన్నాడు. దగ్గు కూడా అప్పటి నుంచే నేను గమనించాను.

ఆ రోజుల్లో దగ్గితే చాలు, చుట్టూ ఉన్నవాళ్లు లేచి దూరంగా వెళ్లేవాళ్లు. ఆయనకు ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేసేవాళ్లు. నెగెటివ్ అని వచ్చేది. నెగెటివ్ అయితే పనిలోకి వచ్చేయాలి. మళ్లీ దగ్గు, మళ్లీ పరీక్ష, మళ్లీ నెగెటివ్. కోవిడ్ కాదని తేలితే చాలన్నట్టుండేది. మరి ఈ దగ్గు ఏమిటి అని అడిగినవాడు లేడు. నాకూ తట్టలేదు.

ముఖాల విషయంలో పెద్ద గొడవే జరిగింది. వెనిస్‌లో కమాను మీద ముఖాలు కోపంగానూ దిగులుగానూ ఉంటాయి. హోటల్ వాళ్లు మాత్రం, కింద పడవల్లో అతిథులు తిరుగుతారు, కాబట్టి ముఖాలు నవ్వుతూ ఉండాలన్నారు. ఆయన చెక్కిన మొదటి ముఖానికి పెద్ద కళ్లూ నిండు బుగ్గలూ వచ్చి, అచ్చం పొలిమేర అమ్మవారిలా తయారైంది. కన్సల్టెంటు చూసి ఇదెవరు అన్నాడు. దాన్ని పక్కన పెట్టేశారు. రెండోదీ నచ్చలేదు. ఆయనకు కోపం వచ్చి రెండు రోజులు నాతో కూడా మాట్లాడలేదు. తర్వాత మేం ముదీర్ అని పిలిచే మా మేనేజరు ముఖాన్నే చూసి చెక్కాడు. కన్సల్టెంటు బాగుందని ఒప్పుకున్నాడు. ముదీర్‌కు ఆ సంగతి ఎప్పటికీ తెలియలేదు.

ఇది దేనికి కట్టిన వంతెన అని ఒకరోజు అడిగాడు. నేను చెప్పాను. ఉలి పక్కన పెట్టాడు.

“జైలుకు పోయే దారికి ఇంత సింగారం ఎందుకు చేసినారు తమ్ముడూ?”

బయట నుంచి చూసేవాళ్ల కోసం అన్నాను. తల ఊపి మళ్లీ పనిలో పడ్డాడు. దేవుణ్ణి చెక్కిన చేతులతో ఇది చెక్కకూడదంటాడేమోనని భయపడ్డాను. అలాంటిదేమీ అనలేదు. జల్లెడ పని ఆయనకు బాగా నచ్చింది. గుండ్రటి రంధ్రాల మధ్య వచ్చే అర్ధచంద్రాల్లాంటి సందులు తొలవడానికి సన్నటి గ్రైండర్ వాడేవాడు. తెల్లటి పొడి లేచి ఆయన కనుబొమల మీదా మెడ ముడతల్లోనూ కూర్చునేది. సాయంత్రం ఎయిర్ పైపుతో ఒంటి మీది దుమ్ము ఊదుకుని బస్సెక్కేవాళ్లందరూ.

2021 చివర్లో, నా భార్య ఇంటికి వచ్చేసిన చాలా రోజులకు, ఒక శుక్రవారం ఆయన్ని భోజనానికి పిలిచాం. చేపల పులుసు వండింది. ఆ రోజు లిఫ్టు పని చేయడం లేదు. మూడో అంతస్తు ఎక్కి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. చెప్పులు విప్పడానికి వంగలేకపోయాడు. నా భార్య పలకరించలేదు, మంచినీళ్లు ఇవ్వలేదు, ఆయన ఛాతీ వైపే చూస్తూ నిలబడింది. ఆ చూపు నాకు తెలుసు. వార్డు నుంచి తెచ్చుకున్న చూపు.

అన్నం తిన్నాక నెమ్మదిగా అడగడం మొదలుపెట్టింది. ఎంతకాలంగా దగ్గు, రాత్రి చెమటలు పడతాయా, ఇంతకు ముందు ఏ పని చేశారు. ఈ ఫ్యాక్టరీకి రాకముందు వేరే చోట వంటింటి గట్లకు వేసే రాయి కోసేవాణ్ణని చెప్పాడు. గనిలో దొరికే రాయి కాదు, పొడిని జిగురుతో కలిపి చేసే పలకలు. నీళ్లు పోస్తే నేల పాడవుతుందని పొడిగానే కోసేవాళ్లట. గదిలో ఎదుటి మనిషి కనిపించేవాడు కాదట. అలా ఏళ్లు గడిచాయి. ఆమె నా వైపు ఒకసారి చూసి, ఆయనతో అంది.

“ఎక్స్‌రే తీయించుకోండి అన్నయ్యా. మా హాస్పిటల్లోనే చేయిస్తాను.”

“వీసా మెడికల్‌కు ఎట్లాగూ తీస్తారు గదమ్మా,” అన్నాడు. “ముందే తీస్తే ముందే పంపిస్తారు.”

ఆమె చాలా చెప్పింది. ఆ పలకల్లోని పొడి గాజులాంటిదని, ఊపిరితిత్తుల్లో కూర్చుంటే బయటికి రాదని, మచ్చ కడుతుందని, ఇక ఒక్క రోజు కూడా దుమ్ములో ఉండకూడదని. ఆయన మర్యాదగా విన్నాడు. పులుసు బాగుందన్నాడు. వెళ్లేటప్పుడు ఆమె రెండు వైపులా ఫిల్టర్లున్న మాస్కు తెచ్చి ఇచ్చింది. మర్నాటి నుంచి పెట్టుకున్నాడు కూడా. కానీ అది పెట్టుకుంటే ఊపిరి ఆడటం లేదని, మధ్యమధ్య తీసి పక్కన పెట్టేవాడు. ఆయనకు తెలుసునని నాకు అప్పుడు అర్థమైంది. మాకంటే ముందే తెలుసు.

ఆ శీతాకాలంలో హోటల్ వాళ్లు డిజైన్ మార్చారు. మొదట నడుమ గోడ వద్దన్నారు. అతిథులకు విశాలంగా ఒకే నడవ చాలన్నారు. తర్వాత ఎవరికో గుర్తొచ్చింది, రెండు భవనాల మధ్య గదులు శుభ్రం చేసేవాళ్లూ భోజనం బండ్లూ కూడా తిరగాలి కదా అని. గోడ మళ్లీ వచ్చింది. సముద్రం వైపు నడవ అతిథులకు, వంటశాల పెరడు వైపు నడవ పనివాళ్లకు. ఒకరికొకరు ఎదురుపడకూడదు. పనివాళ్ల వైపు కిటికీలకు బయట జల్లెడ ఉంటుంది, లోపల జిప్సం బోర్డు కొట్టేస్తారు. అలాగే గీయమని ముదీర్ చెప్పాడు. నేను గీశాను. మీటింగులో ఎవరి ముఖంలోనూ ఏ మార్పూ లేదు. వాళ్లెవరూ వెనిస్ వంతెన లోపలి బొమ్మ చూసి ఉండరు.

వీసా రెన్యూ చేసే ముందు జరిపే మెడికల్ పరీక్ష 2022 ఎండాకాలంలో వచ్చింది. ఎక్స్‌రేలో మచ్చలు కనిపించాయి. టీబీ అనుకుని ఆయన్ని ఆపి, కఫం పరీక్షలు చేశారు. ఆ రోజుల్లో ఫోను చేస్తే ఒకటే మాట అనేవాడు, ఇంక కొంచెమే ఉంది, పై అంచు జల్లెడ ఒకటి మిగిలింది, దాన్ని వేరేవాళ్ల చేతికి ఇయ్యొద్దని చెప్పు. టీబీ కాదని తేలింది. రాతి దుమ్ము వల్ల వచ్చిన సిలికోసిస్ అన్నారు. అంటువ్యాధి కాదు కాబట్టి దాని వల్ల వీసా ఆగిపోదని నా భార్య కనుక్కుని చెప్పింది. మేం సంతోషించాం. ఆ సంతోషం కంపెనీ ఆఫీసు దాకా వెళ్లేసరికి పోయింది. అలాంటి ఊపిరితిత్తులున్న మనిషిని ఫ్యాక్టరీలో పెట్టుకుంటే రేపు ఏదైనా అయితే తమ మీదికి వస్తుందని వీసా రెన్యూ చేయకూడదని నిర్ణయించారు.

నేను ముదీర్ గదిలోకి వెళ్లాను. దుమ్ములో వద్దు, డ్రాయింగుల గదిలో నా పక్కన కూర్చోబెట్టండి, వచ్చిన రాళ్ల కొలతలు సరిచూస్తాడు అని అడిగాను. ముదీర్ చెడ్డ మనిషి కాదు. కోవిడ్ రోజుల్లో క్యాంపుకు తన కారులో మందులు పంపినవాడే. తల ఎత్తకుండా, పై నుంచి వచ్చిన మాట అన్నాడు. ఇంకోసారి అడిగాను. ఖలాస్ అన్నాడు. ఆ మాట తర్వాత ఇక్కడ ఎవరూ మాట్లాడరు. నేనూ బయటికి వచ్చేశాను.

ఆయన ఏడవలేదు. టికెట్ వచ్చిందని చెప్పి, వంతెన ఎక్కించినారా అని అడిగాడు. అప్పటికి రాళ్లన్నీ సైటుకు చేరి, చాలావరకు బిగించేశారు. చూడాలని ఉందన్నాడు. సైటు ఇంజనీర్‌ని బతిమాలి, ఒక ఆదివారం ఆయన్ని నా కారులో రాస్ అల్ ఖైమా తీసుకెళ్లాను. దారి పొడుగునా కిటికీ అద్దానికి తల ఆనించి కూర్చున్నాడు. క్వారీల దగ్గర కొండలు తెల్లగా కోసి ఉన్న చోట దుమ్ము వస్తుందని ఏసీ గాలిని తన ముఖం మీద పడకుండా తిప్పేశాడు.

పనివాళ్ల లిఫ్టు ఒకటి నడుస్తోంది కాబట్టి మెట్లు తప్పాయి. అతిథుల నడవలో నేల మీద ప్లాస్టిక్ పరిచి, తలుపు మూసి ఉంచారు. అటు ఎవరినీ పంపడం లేదు. పనివాళ్ల వైపు నుంచే లోపలికి వెళ్లాం. జిప్సం బోర్డు ఇంకా కొట్టలేదు. ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. ఆయన ముందు, నేను వెనక. గోడ మీద చెయ్యి వేసుకుంటూ, ఆగుతూ, నెమ్మదిగా నడిచాడు. ఆయన ఊపిరి ఆ నడవలో ఈలలా వినిపించింది. ఈ వంతెన పేరు నాకు గుర్తొచ్చింది. ఆయనకు గుర్తు రాకూడదని కోరుకున్నాను.

కిటికీ దగ్గర ఆగాడు. జల్లెడకు ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. అటు పక్క వంటశాల పెరడు, చెత్త డబ్బాలు, నీడలో కూర్చుని బిర్యానీ తింటున్న కొందరు పనివాళ్లు. వాళ్లు ముక్కలు ముక్కలుగా కనిపిస్తున్నారు. తర్వాత వేలితో ఒక్కో రంధ్రం అంచు తడుముతూ పోయి ఒక చోట ఆగాడు.

“ఇక్కడ పగిలింది తమ్ముడూ. జిగురు పెట్టి అతికించినా. ఎవరికీ చెప్పలే.”

నేను వేలు పెట్టి చూశాను. ఏమీ తెలియలేదు. తెలియడం లేదని చెప్పాను. తెలుస్తాది, ఎండకు నాలుగేండ్లు పోతే పసుపు తిరుగుతాది, అన్నాడు. ఆ సంగతి నిజంగా బాధపెడుతున్నట్టే అన్నాడు. నేను వేరే మాటలు సిద్ధం చేసుకుని వెళ్లాను, మీ పని ఎప్పటికీ నిలిచి ఉంటుంది లాంటివి. అవి అక్కడే వదిలేశాను. బయటికొచ్చాక కాలువ ఒడ్డున నిలబెట్టి, వంతెన వెనక కనిపించేలా ఫోటో తీశాను. ముదీర్ ముఖం ఎక్కడుందో చూపించి నవ్వాడు. నవ్వు దగ్గులోకి వెళ్లి, అక్కడే సిమెంటు దిమ్మె మీద కూర్చోవలసి వచ్చింది.

విమానాశ్రయానికి మేమిద్దరం వెళ్లాం. నా భార్య ఆయన రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టి, కర్నూలులో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో పైన రాసి ఇచ్చింది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి దీవించాడు. లోపలికి వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తాడేమోనని నిలబడ్డాం. లైను కదిలింది. చూడలేదు.

ఆ తర్వాత ఏడాదికి పైగా ఫోన్లో మాట్లాడుతూ ఉన్నాం. మొదట్లో బాగానే ఉన్నానని చెప్పేవాడు. ఇంటి ముందు షెడ్డులో కూర్చుంటున్నా, మా తమ్ముడు చెక్కుతుంటే తప్పులు చెబుతున్నా అనేవాడు. తర్వాత ఆక్సిజన్ సిలిండర్ తెచ్చుకున్నారు. మాటల మధ్య విరామాలు పెరిగాయి. ఒక వాక్యం మొదలుపెట్టి, ఊపిరి తీసుకుని, సగంలో వదిలేసేవాడు. చివరికి ఫోను ఆయన భార్య ఎత్తడం మొదలైంది. 2023 చలికాలంలో పోయాడు. ఆ కబురు వచ్చినప్పుడు నా భార్య డ్యూటీకి వెళ్లడానికి తయారవుతోంది. బూట్లు వేసుకుంటూ విని, అలాగే కూర్చుండిపోయింది. ఆ రోజు ఆలస్యంగా వెళ్లింది.

అప్పటికే హోటల్ తెరిచారు. మా కంపెనీ వాళ్ల బ్రోచరు అట్ట మీద ఆ వంతెన ఉంది. సముద్రం వైపు నుంచి తీసిన ఫోటో. కొత్త పెళ్లి జంటలు దాని కింద పడవలో ఫోటోలు తీయించుకుంటున్నారు. మా భవనంలోనే ఒక హైదరాబాద్ కుటుంబం వారాంతంలో అక్కడికి వెళ్లొచ్చి, చాలా రొమాంటిక్‌గా ఉందని చెప్పారు. నేను ఆ వంతెన మీద పని చేశానని వాళ్లకు చెప్పలేదు.

కొన్ని నెలల తర్వాత ఆయన భార్య ఫోన్ చేసింది. బాగోగులు అయ్యాక అసలు మాట చెప్పింది. మరిదికి వీసా కావాలి. ఊళ్లో విగ్రహాల పని తగ్గిపోయింది. అన్న చేసిన చోటే ఏదైనా చూడమని అడిగింది.

“రాతిపని వద్దు వదినా,” అన్నాను. “ఇక్కడ రాతిపని అసలు వద్దు. వేరే ఏదైనా చూస్తాను.”

“ఆ అబ్బికి వేరే పని యాడొస్తాది అన్నా,” అంది. కోపంగా అనలేదు. నాకు తెలియని విషయం చెప్పినట్టు చెప్పింది.

నేను గోడౌన్లలో, ఆఫీసుల్లో అడిగాను. నాలుగు చోట్ల చెప్పి ఉంచాను. ఎక్కడా కుదరలేదు. ఈలోగా అతను జగిత్యాల ఏజెంటు ఒకరి ద్వారా తనే వచ్చేశాడు. మా కంపెనీ కాదు, సజ్జాలోనే వేరే షెడ్డు. వచ్చిన వారం తర్వాత మా ఇంటికి వచ్చాడు. అన్నలాంటి నుదురే, మనిషి మాత్రం ఇంకా బలంగా ఉన్నాడు. మూడు అంతస్తులూ లిఫ్టు కోసం ఆగకుండా ఎక్కి వచ్చానన్నాడు. నా భార్య అన్నం పెట్టి, కొత్త మాస్కు ఇచ్చి, దాన్ని ఎలా బిగించుకోవాలో, ఫిల్టర్లు ఎప్పుడు మార్చాలో, కోతకు నీళ్లు పోయమని ఎలా అడగాలో హిందీలో కూడా చెప్పి, మళ్లీ అతనితో చెప్పించుకుంది. అన్నిటికీ సరే వదినా అన్నాడు.

పోయిన నెలలో ఆ షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే కారు ఆపాను. తలుపు సగం తెరిచి ఉంది. లోపల తెల్లటి పొగలా దుమ్ము. అతను పలక మీద వంగి కోస్తున్నాడు. మాస్కు మెడలో వేలాడుతోంది. హారన్ కొట్టాను. మిషను మోతలో వినిపించలేదు. దిగి వెళ్లి భుజం తట్టాను. తిరిగి చూసి, కనురెప్పల మీది పొడి తుడుచుకుంటూ, టీ తాగుదామా అన్నా అన్నాడు.